ఉల్టా చూడీ

పోయిన నెలలో యూనివర్సిటీ క్యాంపస్ విద్యార్థులు కొందరు పుస్తక పఠనం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇలాంటి పిలుపులు నాకు కొత్త కాదు. పదో తరగతితో బడి ఆగిపోయి, లైబ్రరీ బల్లల దగ్గర కూర్చుని సొంతంగా చదువుకుని, నాలుగు పుస్తకాలు రాసిన మనిషి అంటే పిలిచేవాళ్ళకు ముచ్చట, వినేవాళ్ళకు ధైర్యం. నేను చెప్పేది కూడా ఏళ్ళ తరబడి ఒకటే. మా నాయన ఈ క్యాంపస్ మోటారు షెడ్డులో మెకానిక్ అని, చేతికి దెబ్బ తగిలి లైబ్రరీలో అటెండరుగా చేరాడని, అట్లా మా ఇంట్లోకి చదువు నడిచి వచ్చిందని చెప్తాను. "మా నాయన చేతిలోంచి పానా జారిపోయిన రోజే మా ఇంటికి పుస్తకం వచ్చింది" అనే వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. అక్కడ చప్పట్లు కొడతారు. కొడతారని తెలిసే ఆగుతాను.

ఆ రోజు తార్నాకలో మెట్రో దిగి, ఇంకా టైముంది కదా అని నడిచే వెళ్ళాను. లైబ్రరీ వరండాలో గోడ వారగా పాత పుస్తకాలు మోకాలెత్తు గుట్టలుగా పోసి ఉన్నాయి. పక్కన ఒక అట్టముక్క మీద కావలసినవాళ్ళు తీసుకుపోవచ్చని రాసి పెట్టారు. ఉచితంగా ఇచ్చినా వంగి చూస్తున్నవాళ్ళు ఎవరూ లేరు. అలవాటు కొద్దీ నేను వంగాను. రెండు గుట్టలు దాటాక, ఆకుపచ్చ గుడ్డ బైండింగు ఉన్న లావుపాటి పుస్తకం ఒకటి కనిపించింది. వీపు మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు సగం రాలిపోయాయి. మిగిలిన సగంతోనే గుర్తుపట్టాను. ఒక విదేశీ కారు ఇంజనును ఎట్లా విప్పాలో, ఎట్లా బిగించాలో చెప్పే పుస్తకం అది. తెరవలేదు. సంచిలో పెట్టుకుని లోపలికి పోయాను. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను, ఆగే చోటే ఆగాను, చప్పట్లు కొట్టారు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కానీ దాని వెనక నేను ఏ సభలోనూ చెప్పనిది ఒకటున్నది. అది రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

మేము జనగామ వైపు పల్లె నుంచి వచ్చినవాళ్ళం. తార్నాక నుంచి మెట్టుగూడకు పోయే రోడ్డు వెనక, రేకుల కప్పు ఉన్న ఒకే గదిలో ఉండేవాళ్ళం. రైలు పోయినప్పుడల్లా గూట్లో గిన్నెలు సన్నగా మోగేవి. నాయన పేరు దేవదానం. ఊళ్ళో మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాడు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు అక్షరాలు అసలు రావు. శనివారం సాయంత్రమైతే మా ఇంటి ముందర ఒక తంతు నడిచేది. నాయన చిన్న పీట మీద కూర్చుని చేతులకు ముందు కిరసనాయిలు రాసుకునేవాడు, తర్వాత రంపపు పొట్టుతో రుద్దేవాడు, ఆ పైన బట్టల సబ్బు. నేను చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. మూడు విడతలు అయినా గోళ్ళ సందుల్లో, బొటనవేలి గీతల్లో నలుపు అట్లనే ఉండేది. ఆదివారం మెట్టుగూడ చర్చిలో ప్రభు భోజనం రొట్టె తీసుకోవడానికి చెయ్యి చాపినప్పుడు వేళ్ళు సగం ముడిచి చాపేవాడు. శనివారం రాత్రి అమ్మ చేసిన జొన్నరొట్టె కూడా కిరసనాయిలు వాసనే కొట్టేది. అమ్మ ప్రతిసారీ అదే గొణిగేది. నాయన ప్రతిసారీ అదే నవ్వు నవ్వేవాడు. ఆ వాసన నాకు అప్పుడు సిగ్గుగా ఉండేది. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే జరిగినదంతా ఆ సిగ్గు మీదనే నిలబడి ఉంది.

మధ్యాహ్నం షెడ్డుకు అన్నం టిఫిను పట్టుకుపోవడం నా పని. రేకుల షెడ్డు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకు మేకుల మీద వరుసగా పానాలు. అక్కడి మాటలు వేరు. నట్టు లోపల మెలికలు తిరిగే గాట్లను చూడీ అనేవాళ్ళు. చిన్నప్పుడు అది తెలుగు మాటే అనుకున్నాను. "చూడీ సక్కగున్నదా" అంటే "చూడు, సక్కగున్నదా" అని నాకు వినపడేది. అన్ని నట్లూ ఎడమకు తిప్పితే విప్పుకుంటాయి. ఎక్కడో ఒకటి అరా మాత్రం కుడికి తిప్పితేనే విప్పుకుంటుంది. దాన్ని ఉల్టా చూడీ అనేవాళ్ళు. నాయన నాకు సైకిల్ మీద చూపించాడు, కుడి పెడలు మామూలు చూడీ, ఎడమ పెడలు ఉల్టా చూడీ. ఏ నట్టునైనా విప్పాలంటే నాయన వెంటనే పానా పెట్టేవాడు కాదు. ముందు వేలితో చుట్టూ తడిమి, ఆ బండి ఏ పని చేస్తుంటే ఆ నట్టు ఎటు లాగబడుతుందో కాసేపు ఆలోచించేవాడు. అడిగితే "నట్టే చెప్తది బిడ్డా, ఎటు తిప్పాల్నో" అనేవాడు. నట్టు చెప్పడమేమిటని నాకు నవ్వొచ్చేది. నాకు అప్పటికే చెప్పేవి పుస్తకాలు.

పదో తరగతిలో లెక్కల్లో తప్పాను. మళ్ళీ కట్టడానికి మనసు రాలేదు. టిఫిను ఇచ్చి వచ్చే దారిలో లైబ్రరీ ఉండేది. అక్కడ సుగుణ మేడం అనే లైబ్రరీ అసిస్టెంటు, నేను రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడి పేపరు చదవడం చూసి, లోపలికొచ్చి కూర్చోమన్నది. కార్డు లేదంటే, కూర్చోవడానికి కార్డెందుకు అన్నది. అట్లా మొదలైంది. పెద్ద డిక్షనరీ ఒకటి బల్ల మీద ఎప్పుడూ తెరిచి ఉండేది. రోజుకు ఒక పేజీ అని పెట్టుకుని నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్కో మాటకు అర్థం దొరికినప్పుడల్లా ఆ పెద్ద హాలులో నాకొక కుర్చీ ఖాయమైనట్టుండేది. ఏడాదిన్నరలో ఇంగ్లీషు పేపరు చదవగలిగాను, కనీసం చదువుతున్నానని అనుకోగలిగాను. షెడ్డులో జహంగీర్ చాచా, నాయనతో పనిచేసే డ్రైవరు, నన్ను చూడగానే టోపీ సర్దుకుని "ఇంగ్లీష్ మేడం వస్తున్నరు, సిగరెట్లు ఆర్పుండ్రి" అనేవాడు. నాయన నూనె డబ్బాల మీది రాతలు నా చేత చదివించేవాడు. అందులో ఏముందో ఆయనకు డబ్బా రంగు చూస్తేనే తెలుసు. అయినా పక్కవాళ్ళు వినేట్టు చదివించేవాడు.

ఆ రోజుల్లోనే ఒక విదేశీ సంస్థ ఏదో పరిశోధన కోసం సైన్సు విభాగానికి ఒక కారు ఇచ్చింది. క్యాంపస్‌లో అట్లాంటిది ఇంకోటి లేదు. దానితో పాటు వచ్చిన పుస్తకం మాత్రం షెడ్డుకు రాలేదు. షెడ్డులో పెడితే నూనె మరకలు పడతాయని, విభాగం వాళ్ళు దాన్ని లైబ్రరీకి ఇచ్చారు. అక్కడ దానికి ఆకుపచ్చ గుడ్డ బైండింగు వేసి, బయటికి ఇవ్వకూడని పుస్తకాల బీరువాలో పెట్టారు. రెండేళ్ళు తిరిగాక కారు వేడెక్కడం మొదలైంది. ఇంజనుకు నీళ్ళు తిప్పే పంపు కారుతున్నదని నాయన పది నిమిషాల్లో చెప్పాడు. పంపు తీయాలంటే ముందు దాని మీదున్న ఫ్యాను తీయాలి. సరిగ్గా అప్పుడే షెడ్డులో రోజుకూలి మీద పనిచేసేవాళ్ళలో ఒకరి పేరు పర్మనెంటు చేయడానికి పంపాలని కాగితం వచ్చింది. షెడ్డు సూపరింటెండెంటు మంచీ కాదు, చెడ్డా కాదు, ఫైలు ఎటు తేలికగా కదిలితే అటు కదిలే మనిషి. విభాగం సార్లు వచ్చే వారం ఈ కారులో ఫీల్డుకు పోవాలన్నారని, అప్పటికల్లా బాగుచేస్తే నాయన పేరే పంపుతానని చెప్పాడు. పదకొండేళ్ళుగా నాయన ఎదురుచూస్తున్న మాట అది. ఆ సాయంత్రం ఇంటికొచ్చాడు. బనీను మార్చుకోకుండా, గుమ్మంలో నిలబడి రైలు పోయేదాకా చూశాడు.

షెడ్డులో ఉన్న మిగతా బళ్ళన్నిటికీ ఫ్యాను నాలుగు చిన్న బోల్టులతో ఉండేది. నాలుగూ విప్పితే చేతిలోకి వచ్చేది. ఈ కారుకు అట్లా లేదు. ఫ్యాను వెనక ఒకే ఒక పెద్ద నట్టు, అరచెయ్యంత వెడల్పు. దానికీ ఇంజనుకూ మధ్య వేలు పట్టేంత సందు. అందులోకి పోయే పానా క్యాంపస్‌లోనే లేదు. నాయన ఒక ఇనుప పలకను కోసి, రెండు రోజులు ఆకురాయితో అరగదీసి, పల్చటి పానా ఒకటి స్వయంగా చేశాడు. అది నట్టుకు తొడుక్కున్నప్పుడు కొలిచి పోసినట్టు కూర్చుంది. జహంగీర్ చాచా పుల్లీకి పాత బెల్టు చుట్టి కదలకుండా పట్టుకుంటే, నాయన ఎడమకు లాగి చూశాడు. కదలలేదు. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఇంకోసారి లాగలేదు. ఇది బలంతో అయ్యే పని కాదు, ఏదో తెలియాలి అన్నాడు. మధ్యాహ్నం నేను టిఫిను తెచ్చేసరికి, ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి అటూ ఇటూ ఊపుతూ తనలో తాను లెక్క వేసుకుంటున్నాడు.

"ఇంజన్ తిరుగుతుంటే ఫ్యాన్‌ను గాలి ఎనకకు ఆపుతది," అన్నాడు నాతో. "గట్ల ఆపినప్పుడల్లా నట్టు బిగుసుకోవాలె గాని ఇప్పుకోవద్దు గదా. ఇప్పుకుంటే ఫ్యాన్ ఊడి పడ్తది. నాకైతే ఇది ఉల్టా చూడీ అనిపిస్తున్నది. బుక్కుల ఏమున్నదో జర చూస్తవా?"

ఆ తర్వాత ఇంకో మాటన్నాడు. పుస్తకంలో బొమ్మలుంటాయి కదా, నేను కూడా వచ్చి చూస్తా, బొమ్మ చూస్తే నాకు సమజైతది అన్నాడు. నేను ఆయన వైపు చూశాను. మోచేతుల దాకా నలుపు. చొక్కా మీద పాత నూనె, కొత్త నూనె. సుగుణ మేడం ముందు, ఆ తెల్లటి బల్లల మధ్య, అందరూ తలెత్తి చూస్తుండగా ఈ మనిషి నా పక్కన నిలబడి బొమ్మలు చూడడం కళ్ళ ముందు కనిపించింది.

"గీ బట్టలతోని లైబ్రరీల రానియ్యరు నాయినా," అన్నాను. "నేను రాసుకొస్త తియ్."

అట్లాంటి నియమం ఏదీ లేదు. నాకెవరూ చెప్పలేదు. ఆ నియమం ఆ నిమిషంలో నేను పెట్టింది. నాయన ఒకసారి తన చేతులు చూసుకుని, అవును గదా అన్నాడు.

సుగుణ మేడం బీరువా తెరిచి పుస్తకం తీసి ఇచ్చింది. వెనక పట్టికలో వెతికి, ఆ పేజీ పట్టుకోవడానికి నాకు పావుగంట కూడా పట్టలేదు. ఆ గర్వం ఇప్పటికీ గుర్తుంది. ఫ్యాను తీయడం గురించి ఒక పేరా ఉంది. నట్టు లెఫ్ట్ హ్యాండ్ థ్రెడ్, అంటే ఎడమ చేతి చూడీ, కలిగినది అని అందులో ఒక వాక్యం. మొత్తం పేరా గుండ్రని అక్షరాలతో నోటుబుక్కులోకి దించాను. ప్రతి మాటా నాకు తెలిసిందే. ఎడమ తెలుసు, చెయ్యి తెలుసు, చూడీ తెలుసు. మూడూ కలిస్తే వేరే అర్థం వస్తుందేమోనని డిక్షనరీలో చూడాలని తోచలేదు. తెలిసిన మాటలకు డిక్షనరీ ఎందుకు? పేరా అయిపోగానే పుస్తకం మూసేశాను. పేజీ తిప్పలేదు. బొమ్మలు చదువురాని వాళ్ళ కోసం అని ఒక లెక్క ఉండేది నాకు.

షెడ్డుకు వచ్చి, నలుగురి ముందు నిలబడి ముందు ఇంగ్లీషులో చదివాను. తర్వాత తెలుగులో చెప్పాను, ఎడమ చేతి వైపు తిప్పాలని ఉంది అని. జహంగీర్ చాచా భుజం మీది తువాలు తీసి విసురుకుంటూ, మేడం చెప్పినంక ఇంకేముంది భాయ్ అన్నాడు. నాయన మాత్రం కదలలేదు.

"రోజు ఇప్పే నట్లన్నీ ఎడమకే గదనే ఇప్పుతం," అన్నాడు. "అందరికి తెల్సిన ముచ్చటే అయితే బుక్కుల పని పెట్టుకోని ఎందుకు రాసిండ్రు?"

ఇన్నేళ్ళు చదివిన మీదట చెప్తున్నాను, ఒక పుస్తకాన్ని అడగవలసిన ప్రశ్న అంతకంటే మంచిది నేను ఎవరి నోటా వినలేదు. మూడో తరగతి చదివిన మనిషి అడిగాడు. దానికి నా జవాబు ఇది: "ఇంగ్లీషోళ్ళు ప్రతొక్కటి రాస్తరు నాయినా. మన లెక్క అందాదుగ పని చెయ్యరు."

అందాదు అంటే ఉజ్జాయింపు. ఆయన జీవితమంతా చేసిన పనిని నేను ఒక్క మాటలో అందాదు అన్నాను. నాయన కాసేపు నా నోటుబుక్కు వైపు చూశాడు. అందులో ఒక్క అక్షరం ఆయనకు రాదు. "సరే మరి. బుక్కుల ఉన్నదంటే ఉన్నట్టే," అన్నాడు. వేలితో తెలుసుకున్నదాన్ని పక్కన పెట్టి, నేను చదివినదాన్ని పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం, మర్నాడంతా ఎడమకు లాగారు. లాగినకొద్దీ అది బిగుసుకుంటున్నదని ఇప్పుడు తెలుసు. కిరసనాయిలు పోసి నానబెట్టారు. వేడిచేశారు. మూడో రోజు పానాకు ఒక పొడుగాటి ఇనుప గొట్టం తొడిగి నాయనా జహంగీర్ చాచా ఇద్దరూ వేలాడారు. నేను టిఫిను పట్టుకుని అక్కడే ఉన్నాను. గొట్టం జారిన చప్పుడు పెద్దగా కూడా రాలేదు. పానా ఎగిరి రేడియేటరులోకి దిగింది. పచ్చటి నీళ్ళు నేల మీద పారాయి. గొట్టానికీ ఇంజను అంచుకూ మధ్య నాయన కుడిచేతి బొటనవేలు చిక్కుకుంది. ఆయన ముందు రేడియేటరు చూశాడు, ఆ తర్వాత చెయ్యి చూసుకున్నాడు. "రేడియేటర్ పోయింది," అని మాత్రం అన్నాడు. జహంగీర్ చాచా తన తువాలు ఆ చేతికి చుట్టాడు.

వారం తర్వాత సికింద్రాబాద్ నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించారు. నాయన కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని షెడ్డుకు పోయి నిలబడ్డాడట. ఎందుకు పోయావని అమ్మ తిట్టింది. ఆ వచ్చినవాడు నాయన చేసిన పానానే తీసుకుని, నట్టుకు పెట్టి, కుడి వైపుకు సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. మూడో దెబ్బ అవసరం రాలేదు. ఫ్యాను చేత్తో తిరిగి ఊడి వచ్చింది. ఆ సాయంత్రం జహంగీర్ చాచా మా గుమ్మంలో కూర్చుని, అమ్మ ఇచ్చిన చాయ్ తాగకుండా పక్కన పెట్టి ఈ సంగతి చెప్పాడు. "ఉల్టా చూడీయే ఉండె భాయ్. నువ్వు ముందే అన్నవ్," అన్నాడు. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. పర్మనెంటుకు షెడ్డు నుంచి వేరేవాళ్ళ పేరు పంపారు. సూపరింటెండెంటు పాపం దేవదానం అని కూడా అన్నాడట.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి పోయి డిక్షనరీ తీశాను. ఎడమ చేతి చూడీ అన్న మూడు మాటలూ ఒకే మాటగా అక్కడున్నాయి. మామూలుకు వ్యతిరేకంగా, కుడికి తిప్పితే విప్పుకునేది అని అర్థం రాసి ఉంది. అంటే షెడ్డు భాషలో ఉల్టా చూడీ. నాయన అడిగిందే పుస్తకంలో ఉంది. ఆయన ఉర్దూలో అన్నదాన్ని పుస్తకం ఇంగ్లీషులో అన్నది. మధ్యలో తెలుగు చెప్పింది నేను. ఇంటికి వచ్చేసరికి నాయన ఎడమచేత్తో అన్నం కలుపుకోవడానికి తంటాలు పడుతున్నాడు. నేను పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెడుతూ, "ఆ బుక్కులనే తప్పు రాసిండ్రు నాయినా," అన్నాను.

ఆయన ముద్ద నమిలి మింగేదాకా ఆగాడు. "బుక్కుల గూడ తప్పులు పడ్తయా బిడ్డా?" అన్నాడు. పడతాయి, అచ్చుతప్పు అంటారు అని చెప్పాను. అట్లనా అన్నాడు.

బొటనవేలు అతికింది కానీ వంగలేదు. పానా పట్టడానికి బొటనవేలే కదా అసలు. షెడ్డుకు పనికిరాడని, దయతలచి లైబ్రరీకి పంపారు, మళ్ళీ రోజుకూలి మీదే. అల్మారాల దుమ్ము దులపడం, పుస్తకాలు మోసి వాటి చోట పెట్టడం. చేతులు మొదటిసారి తెల్లబడ్డాయి. శనివారం కిరసనాయిలు ఆగిపోయింది. చర్చిలో వేళ్ళు చాపే రోజులు వచ్చాక, ఆ బొటనవేలు మాత్రం చాపినా ముడిచినా ఒకేలా ఉండేది. జేబులో ఎప్పుడూ ఒక రబ్బరు ముక్క ఉండేది. విద్యార్థులు పుస్తకాల్లో గీసిన పెన్సిలు గీతలను ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని తుడిచేవాడు. బుక్కుల మీద రాసేటోళ్ళు అన్నం మీద ఉమ్మేటోళ్ళు అనేవాడు. నాకు కావలసిన పుస్తకాల పేర్లు తెలుగు అక్షరాల్లో చీటీ మీద రాసుకుని పోయి, ఎవరినో అడిగి తెచ్చేవాడు. నేను చదివినవాటిలో సగం ఆ చేతుల మీదుగా వచ్చినవే. బొటనవేలు వంగదు కాబట్టి పెన్సిలును చూపుడువేలికీ మధ్యవేలికీ సందున పట్టుకునేవాడు. అప్పటినుంచి ఆయన అక్షరాలన్నీ ఎడమకు ఒరిగిపోయి ఉండేవి. రిటైరవడానికి రెండేళ్ళ ముందు పర్మనెంటు చేశారు. రిటైరయ్యాక ఎక్కువ రోజులు లేడు.

ఇప్పుడు కార్లలో అట్లాంటి ఫ్యానులు దాదాపు లేవు. కరెంటుతో తిరుగుతాయి, వాటంతట అవే ఆగుతాయి. పాత కారు ఎవరికైనా ఉన్నా, ఫోను తెరిస్తే ఆ నట్టును ఎటు తిప్పాలో ఎవరో ఒకరు విప్పి మరీ చూపిస్తారు. హబ్సిగూడ రోడ్డు మీద ఒక మెకానిక్ అట్లా ఫోను బానెట్ అంచున ఆనించి చూస్తూ పనిచేయడం మొన్న చూశాను. ఫోనంతా నూనె వేలిముద్రలు. ఆయనను ఎవరూ రావొద్దనలేదు. మా నాయనకు కావలసింది అంతే, బొమ్మ కంటి ముందుండడం. నా కాలం గొప్పదని, చదువంటే అప్పటి చదువేనని నేను కూడా వ్యాసాలు రాశాను. ఆ కాలంలో లైబ్రరీ తలుపు తెరిచే ఉంది. దానికి అడ్డంగా నిలబడింది నేను.

సభ అయ్యాక తార్నాక స్టేషను ప్లాట్‌ఫారం మీద, బెంచీలో కూర్చుని సంచిలోంచి పుస్తకం తీశాను. రెండు రైళ్ళు పోనిచ్చాను. పేజీ నంబరు ఇంకా గుర్తుంది. పేరా అట్లనే ఉంది. నేను నోటుబుక్కులోకి దించిన దానిలో ఒక్క అక్షరం తప్పు లేదు. అప్పుడు తిప్పని పేజీ ఇప్పుడు తిప్పాను. వెనక వైపు పేజీ మొత్తం బొమ్మే. ఫ్యాను, నట్టు, పానా, పానా పిడి మీద చెయ్యి. నట్టు చుట్టూ బొద్దుగా ఒక బాణం గుర్తు, కుడి వైపుకు. చదువు అక్కర్లేదు. మూడేళ్ళ పిల్లకు చూపించినా ఎటు తిప్పాలో చెప్తుంది.

బొమ్మ కింద ఖాళీలో పెన్సిలుతో, సన్నగా, తెలుగులో ఒక చిన్న వాక్యం రాసి ఉంది. అక్షరాలన్నీ ఎడమకు ఒరిగి ఉన్నాయి. "బుక్కు కరెక్టే ఉన్నది."

ఎప్పుడు రాశాడో తెలియదు. లైబ్రరీకి వచ్చిన మొదటి వారమే వెతికాడో, పదేళ్ళకు దుమ్ము దులుపుతుంటే చేతికి తగిలిందో. ఆ రాత్రి ఇంటికొచ్చి నా చేతికి ఇంకో పుస్తకం ఇచ్చి ఉంటాడు. నేను తీసుకుని ఉంటాను. పుస్తకం మీద పడ్డ నిందను కొట్టేయాలనుకున్నాడు, కొట్టేశాడు. ఎవరి రాతలనైనా తుడిచే మనిషి దీన్ని తుడవలేదు. ఇంకేమైనా రాశాడేమోనని అక్కడే కూర్చుని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ప్రతి పేజీ తిప్పి చూశాను. నా గురించి ఒక్క మాట కూడా రాయలేదు.